స్ట్రాబెర్రీని గ్యాస్ కోల్డ్ రూములో నెల రోజులు ఆపొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. కల్వకుర్తి దగ్గర ఎకరంన్నరలో స్ట్రాబెర్రీ వేశావు. జనవరి చివర్లో కాయంతా ఒక్కసారి దిగి రేటు పడిపోయింది. మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒకాయన "ఒక గదిని గ్యాస్ రూము చేసిస్తా, నెల రోజులు ఆపుకో, రేటొచ్చినప్పుడు అమ్ముకో" అంటున్నాడు. అట్లా ఆపితే పండు ఎట్లుంటుంది, నాలుగేళ్ల కింద పెట్టిన నేరేడు వచ్చే ఏడు కాపుకొస్తే దానికీ ఆ గది పనికొస్తుందా అని అడిగావు.

సూటిగా చెప్తా. నెల రోజులు ఆగదు. గాలి మార్చిన చల్లటి నిల్వలో, అన్నీ సరిగ్గా కుదిరితే, మంచి స్ట్రాబెర్రీ పది రోజులు, మహా అయితే రెండు వారాలు నిలుస్తుంది. మామూలు చల్లటి గదిలో ఐదు నుంచి ఏడు రోజులు. అంటే గ్యాస్ వల్ల నీకు వచ్చేది ఇంకో వారం. ఆ వారం కూడా, కోసిన గంటలోపు పండు లోపలి వేడి లాగడం మొదలుపెడితేనే. పొద్దున కోసి చెట్టు కింద పెట్టి మధ్యాహ్నం తెచ్చి గ్యాస్ గదిలో పెడితే ఆ గ్యాస్‌కు పెట్టిన డబ్బు గాలికి పోయినట్టే.

నేను నాసిక్ వైపు ద్రాక్ష ప్యాక్‌హౌసులో తొమ్మిదేళ్లు పనిచేసి, ఎనిమిదేళ్ల కింద జడ్చర్ల దగ్గరికి తిరిగొచ్చి రెండు చిన్న కోల్డ్ రూములు నడుపుతున్నా. ఎక్కువగా కూరగాయలు, పూలు, సీజన్‌లో ద్రాక్ష. స్ట్రాబెర్రీ నాలుగు సీజన్ల నుంచి వస్తోంది. చదివింది కొంత, చేతులు కాల్చుకున్నది ఎక్కువ.

గ్యాస్ అనగానే మన దగ్గర మామిడికాయలు మాగబెట్టే గ్యాస్ గుర్తొస్తుంది. ఇది దానికి ఉల్టా. అక్కడ కాయను తొందర పెడతారు, ఇక్కడ నిద్రపుచ్చుతారు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. కోసిన పండు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, తనలోని చక్కెరను, పులుపును కాల్చుకుంటూ ఉంటుంది. చుట్టూ ఆక్సిజన్ తగ్గించి, కార్బన్ డయాక్సైడ్ పెంచితే ఆ కాల్చుకోవడం నెమ్మదిస్తుంది. 1920లలో ఇంగ్లండ్‌లో కిడ్, వెస్ట్ అనే ఇద్దరు ఆపిల్ మీద దీన్ని పద్ధతిగా చేసి చూపించారు, హిమాచల్ ఆపిల్ నెలల తరబడి ఆగేది ఆ దారిలోనే. కానీ ఆపిల్ లెక్క వేరు. దానికి రెండు వాయువులూ తక్కువ ఉండాలి. బెర్రీలకు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కావాలి: స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీలకు 15 నుంచి 20 శాతం, ఆక్సిజన్ 5 నుంచి 10 శాతం. బ్లూబెర్రీకి కొంచెం తక్కువ, 10–12 దగ్గర మొదలు. ఉష్ణోగ్రత సున్నా నుంచి 1 డిగ్రీ, గాలిలో తేమ 90–95 శాతం. నీకు గది ఇస్తానన్నాయన ఆపిల్ లెక్క చెప్తే అతనికి బెర్రీ సంగతి తెలియదన్నట్టే.

ఇంకో తేడా కూడా తెలుసుకో. మిషన్లు పెట్టి రాత్రింబగళ్లు వాయువులను కొలుస్తూ అదే శాతంలో ఉంచేది ఒకటి, దాన్ని సీఏ అంటారు. కవరులోనో ప్యాలెట్ (ట్రేలు పేర్చే చెక్క పలక) మీద కప్పిన ప్లాస్టిక్ సంచిలోనో ఒక్కసారి గ్యాస్ నింపి, లేదా పండు ఊపిరితోనే గాలి మారేట్టు వదిలేసేది ఇంకోటి, అది ఎంఏ. నీకు గది అమ్మజూపే ఆయన రెండింటినీ ఒకే మాటలో కలిపేస్తున్నాడని నాకు అనిపిస్తోంది. మన స్థాయికి అందేది రెండోదే. కాలిఫోర్నియా వాళ్లు దూరం పంపే స్ట్రాబెర్రీకి చేసేదీ అదే: ముందు చల్లబరచి, ప్యాలెట్ మీద సంచి కప్పి, అడుగున సీల్ చేసి, 10–15 శాతం కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి లారీకెత్తుతారు. అంత పెద్ద పరిశ్రమే దీన్ని నాలుగైదు రోజుల ప్రయాణం కోసం వాడుతోంది, రేటు కోసం నెలలు దాచడానికి కాదు.

ఇక నువ్వడిగిన అసలు విషయం, నాణ్యత.

బూజు. గ్యాస్ వల్ల మనకు దక్కే పెద్ద లాభం ఇదే. స్ట్రాబెర్రీని చంపేది బూడిదరంగు బూజు, బోట్రైటిస్. ఇది మొండిది, సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పాకుతూనే ఉంటుంది. 15 శాతం పైన కార్బన్ డయాక్సైడ్ దాని వేగాన్ని బాగా తగ్గిస్తుంది. తగ్గిస్తుంది అన్నాను, చంపుతుంది అనలేదు. సంచి విప్పి మామూలు గాలికి తెచ్చిన మరుక్షణం నుంచి అది మళ్లీ పని మొదలుపెడుతుంది. అందుకే పది రోజులు ఆపిన పండు బయటికి తీశాక తాజా పండులా రెండు మూడు రోజులు నిలబడదు, ఒక రోజులో అమ్ముడుపోవాలి. ఈ సంగతి కొనేవాడికి చెప్పకుండా అమ్మితే రెండోసారి కొనడు. ఇంకో బూజు ఉంది, పండు మీద దూదిలా లేచి రసం కారుస్తుంది, రైజోపస్. దానికి 5 డిగ్రీల లోపు చల్లదనమే మందు, గ్యాస్ అక్కర్లేదు. పొలంలోనే బూజు అంటిన పండును ఏ గ్యాసూ కాపాడదు. డ్రిప్ లైను మీద వాలి నానిన పండ్లు, మల్చింగ్ షీటు (మొక్కల కింద నేల మీద పరిచే ప్లాస్టిక్) మీద నీళ్లు నిలిచిన చోటి పండ్లు బుట్టలోకి రానీయకు.

గట్టిదనం. ఇది నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు మూడు రోజులున్న స్ట్రాబెర్రీ పెట్టిన రోజు కంటే కాస్త గట్టిగా తగులుతుంది. అన్ని రకాలకూ ఒకేలా ఉండదు, నేను చూసినంతలో వింటర్ డాన్‌లో ఈ తేడా బాగా తెలిసింది, స్వీట్ చార్లీలో అంతగా లేదు. పండు మళ్లీ పచ్చిదయిందని కాదు, కణాల మధ్య ఉండే జిగురు పదార్థంలో వచ్చే మార్పు. లారీలో కుదుపులకు ఇది పనికొస్తుంది.

రంగు. మామూలు చల్లటి గదిలో స్ట్రాబెర్రీ రోజురోజుకూ ముదురు ఎరుపుకు పోయి, చివరికి పాత రక్తం రంగుకొస్తుంది. గ్యాస్‌లో పైరంగు మెరుగ్గా నిలుస్తుంది. కానీ కోసి చూస్తే లోపలి ఎరుపు వెలిసినట్టు ఉంటుంది. పెట్టెలో చూసి కొనేవాడికి ఇది పట్టదు, కేకుల మీద సగం కోసి పెట్టే బేకరీవాడికి పడుతుంది. నాకు ఒక బేకరీ ఇదే కారణంతో పన్నెండు ట్రేలు వాపసు పంపింది. తప్పు నాదే, అడగకుండా పంపాను.

రుచి. ఇక్కడే జాగ్రత్త. స్ట్రాబెర్రీ కోశాక మాగదు. మామిడి, అరటి, సీతాఫలంలాగా ఇంట్లో పెడితే తీపెక్కే రకం కాదు ఇది. కోసినప్పుడు ఎంత తీపి ఉందో అంతే, ఆ తర్వాత తగ్గడమే తప్ప పెరగడం లేదు. గ్యాస్ ఆ తగ్గుదలను నెమ్మది చేస్తుంది, అంతే. గ్యాస్ ఎక్కువైనా, ఆక్సిజన్ 2 శాతం లోపుకు పడిపోయినా పండు లోపల పులియడం మొదలవుతుంది. అప్పుడొచ్చే వాసన మన పాలమూరోడికి వేరే చెప్పక్కర్లేదు, సాయంత్రం దాకా మిగిలిన ఈత కల్లు వాసన. కొంచెమే అయితే మామూలు గాలికి పెడితే కొన్ని గంటల్లో పోతుంది, ఎక్కువైతే పోదు. సి విటమిన్ కూడా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌లో కొంత తగ్గుతుంది. కాబట్టి గ్యాస్ పెట్టాం కదా పోషకాలన్నీ అట్లనే ఉన్నాయి అని డబ్బా మీద రాసుకోకు.

బరువు. స్ట్రాబెర్రీ తన బరువులో దాదాపు 6 శాతం నీళ్లు కోల్పోయిందంటే మెరుపు పోయి, తొడిమ ఎండి, ఇక అమ్మే సరుకు కాదు. ఇక్కడ కవరు చేసే మేలు గ్యాస్ వల్ల కాదు, తేమను బయటికి పోనీయకపోవడం వల్ల. చాలామంది గ్యాస్ ఘనత అనుకునేదాంట్లో సగం ఈ తేమదే అని నా అభిప్రాయం.

ఇప్పుడు చేతులు కాలిన కథ. రెండో సీజన్‌లో ఒక రైతు నలభై ట్రేలు తెచ్చాడు, పెళ్లి సీజన్ ఆర్డరు, ఆరు రోజులు ఆపాలి. నేనప్పుడు తెలివిగా ఖర్చు తగ్గించుకుందామని మామూలు పాలిథిన్ రోల్ కొని ట్రేలకు చుట్టి హీట్ సీలర్‌తో మూసేశాను. పండు ఊపిరి తనే గాలిని మారుస్తుంది కదా, ఇదే ఎంఏ కదా అనుకున్నా. నాలుగో రోజు ఒకటి విప్పితే కల్లు వాసన గుప్పుమంది. నలభైలో ముప్పై రెండు పోయాయి. ఆ రైతుకు నా జేబులోంచి కట్టాను, మా ఆవిడకు లెక్క మాత్రం రెండేళ్ల తర్వాత చెప్పాను.

ఎందుకు పోయాయో తర్వాత కూర్చుని లెక్కేస్తే తెలిసింది. పండు ఎంత ఆక్సిజన్ పీలిస్తే దాదాపు అంతే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కానీ మామూలు పాలిథిన్ గుండా కార్బన్ డయాక్సైడ్ ఆక్సిజన్ కంటే కొన్ని రెట్లు వేగంగా బయటికి జారిపోతుంది. అంటే నాకు కావాల్సిన 15 శాతం కార్బన్ డయాక్సైడ్ లోపల జమయ్యే లోపే ఆక్సిజన్ అడుగంటి పోతుంది. బూజును ఆపే గ్యాస్ ఉండదు, పండుకు ఊపిరీ ఉండదు, రెండు విధాలా చెడిందన్నమాట. అదే లేజర్‌తో సన్నటి రంధ్రాలు వేసిన ఫిల్మ్ అయితే రంధ్రం గుండా రెండూ ఇంచుమించు ఒకే వేగంతో పోతాయి కాబట్టి రెండూ కలిపి ఎప్పుడూ 21 దగ్గరే ఉంటాయి. ఆక్సిజన్ 6కు దిగితే కార్బన్ డయాక్సైడ్ 15కు ఎక్కుతుంది. బెర్రీకి కావాల్సింది సరిగ్గా అదే. రంధ్రాలు ఎన్ని, ట్రేలో ఎన్ని గ్రాములు, ఎన్ని డిగ్రీల దగ్గర అనేది ఫిల్మ్ అమ్మేవాడు లెక్క కట్టి ఇవ్వాలి. "అన్ని పండ్లకూ ఒకటే కవరు అన్నా" అనేవాడి దగ్గర కొనకు. గుండుసూదితో నువ్వే పొడుచుకుంటే కూడా కుదరదు, ఆ రంధ్రాలు కంటికి సరిగ్గా ఆనవు.

ఇంకా అసలైన చిక్కు కరెంటు. 0 డిగ్రీల దగ్గర కిలో స్ట్రాబెర్రీ గంటకు 6 నుంచి 10 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదిలితే, 10 డిగ్రీల దగ్గర 25 నుంచి 50, 20 డిగ్రీల దగ్గర 50 నుంచి 100 వదులుతుంది. అంటే ఊపిరి ఎనిమిది పది రెట్లు పెరుగుతుంది, కవరు రంధ్రాలు మాత్రం పెరగవు. సున్నా డిగ్రీలకు లెక్కేసి చేసిన కవరు 20 డిగ్రీల దగ్గర పండుకు ఉరితాడవుతుంది. చల్లదనం తెగిన చోట గ్యాస్ కవరులో ఉన్న పండు, విప్పి పెట్టిన పండు కంటే ముందు చెడుతుంది. ఇది చాలామంది ఒప్పుకోరు, నేను కళ్లారా చూశాను. ఒక రాత్రి జనరేటర్ మొరాయించి ఐదు గంటలు గది ఆగిపోయింది, తెల్లారి చూస్తే అట్టపెట్టెలో విప్పి పెట్టినవి మెత్తబడ్డాయి కానీ అమ్ముడుపోయాయి, కవరులోవి వాసనపట్టాయి. బ్యాకప్ లేని గదిలో గ్యాస్ మాట ఎత్తకు. కరెంటు పోయి గది 10 డిగ్రీలు దాటితే కవర్లు చించెయ్యమని మా పిల్లలకు గోడ మీద రాసిపెట్టా.

గంటలోపు చల్లబరచడం మొదలుపెట్టాలి అన్నాను కదా, దాని గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే నీ డబ్బు పెట్టాల్సింది అక్కడే. ఫిబ్రవరిలో మన వైపు మధ్యాహ్నం 32–33 డిగ్రీలు మామూలే. మల్చింగ్ షీటు మీద ఎండలో ఉన్న పండు గాలికంటే వేడిగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. మామూలు కోల్డ్ రూములో ట్రేలు పేర్చి తలుపు మూస్తే బయటి వరుస గంటలో చల్లబడుతుంది, మధ్యలోవి రాత్రికి గానీ దిగవు. దానికి ఫోర్స్డ్ ఎయిర్ కావాలి. పేరు చూసి భయపడకు, ట్రేలను రెండు వరుసలుగా పేర్చి, మధ్యలో సందు వదిలి, పైనా వెనకా టార్పాలిన్ కప్పి, ముందు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి ట్రేల రంధ్రాల గుండా చల్లగాలిని లాగడమే. రంధ్రాలున్న ట్రేలు, రంధ్రాలున్న పన్నెట్ డబ్బాలు (పండు అమ్మే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు) కావాలి, మూతి మూసిన డబ్బాలైతే గాలి లోపలికి పోదు. నా దగ్గర ఈ ఏర్పాటుతో గంట నుంచి గంటన్నరలో పండు లోపల 2 డిగ్రీలకు వస్తుంది. ఐస్ నీళ్లలో ముంచుదామా అని అడుగుతారు, వద్దు, స్ట్రాబెర్రీకి నీళ్లు తగిలితే బూజుకు నువ్వే దారి చూపినట్టు. సున్నా కంటే కిందికి కూడా పోనీయకు, మైనస్ 0.8 దగ్గర పండు గడ్డకట్టడం మొదలవుతుంది, థర్మోస్టాట్ ఒక డిగ్రీ అటూ ఇటూ ఊగే పాత గదుల్లో నేనైతే 1.5 దగ్గర పెడతా.

పోయినేడు ఒకే పొలం, ఒకే రోజు కోత, రెండు లాట్లు పెట్టి చూశా. ఒకటి ఏడున్నరకు కోసి ఎనిమిదింపావుకల్లా ఫ్యాన్ ముందు. ఇంకోటి అదే కోత, కానీ ఆటో దొరక్క పన్నెండుకు వచ్చింది. మొదటి దాన్ని గ్యాస్ లేకుండా ఊరికే చల్లగా పెట్టా, రెండోదానికి మంచి ఫిల్మ్ వేశా. ఏడో రోజు ఎనిమిదింపావు లాటే బాగుంది. ఒక్కసారి చూసినదే, అందరికీ ఇదే అవుతుందని చెప్పను, కానీ నాకు మాత్రం ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసిపోయింది.

ఇప్పుడు మిర్చి గది సంగతి. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఎండుమిర్చికీ చింతపండుకీ కట్టిన గది పొడిగా ఉండాలని కట్టింది. తేమ పెరిగితే మిర్చికి బూజు. మన బెర్రీకి 90 శాతం పైన తేమ లేకపోతే వాడిపోతుంది. పక్క గది కదా అంటాడు, కానీ గాలి తిరిగే దారి ఒకటైతే మిర్చి ఘాటు పండుకెక్కుతుంది, స్ట్రాబెర్రీ వాసనలు ఇట్టే లాగేస్తుంది. ఆ గదులు టన్నుల కొద్దీ సరుకును మెల్లగా చల్లబరిచి అట్లనే ఉంచడానికి చేసినవి, మూడు క్వింటాళ్ల వేడి పండును గంటలో దించే దమ్ము వాటి కాయిల్స్‌కు ఉండదు. ఇక గ్యాస్ నిలవాలంటే గది గాలి చొరబడకుండా ఉండాలి. తలుపు సందుల్లో అగరుబత్తి పొగ లోపలికి లాగితే ఆ గది గ్యాస్ గది కాదు. ఆయన్ని ఈ మాట అడుగు: వాయువులు కొలిచే మీటరు ఉందా, రోజుకు ఎన్నిసార్లు రాస్తారు, పోయిన వారం రీడింగులు చూపించు. చూపించలేకపోతే అద్దె మాట్లాడాల్సిన పనే లేదు.

ప్రాణం మీదికి తెచ్చుకోకు. మన ఊళ్లలో పాత బావిలో పూడిక తీయడానికి దిగి ఊపిరాడక పోయినవాళ్ల గురించి, వాళ్లను తీయబోయి పోయినవాళ్ల గురించి విననివాడు లేడు. గ్యాస్ గది కూడా అట్లాంటి బావే, పైగా దానికి తలుపుంటుంది కాబట్టి ఎవరికీ భయం వేయదు. కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దాటిన గాలే మనిషికి ప్రమాదం, మనం పండుకు పెట్టేది 15. గాలికంటే బరువు, కింద పేరుకుంటుంది, వాసన రాదు. అందుకే గది నిండా గ్యాస్ పెట్టే ఆలోచనే నాకు నచ్చదు, ప్యాలెట్ సంచి వరకే. డ్రై ఐస్‌తో చేద్దామని యూట్యూబ్ చూసి వచ్చేవాళ్లకూ ఇదే చెప్తా: కిలో డ్రై ఐస్ కరిగితే 500 లీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది, మూసిన ఆటో ట్రాలీలోనో చిన్న గదిలోనో పెట్టి పక్కన మనిషిని పడుకోబెట్టేంత పని చేయకండి. చేతికి తగిలినా కాలుతుంది.

తీసేటప్పుడు చేసే తప్పు ఇంకోటి. చల్లటి పండును నేరుగా బయటికి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబులా చెమట పడుతుంది. ఆ నీటిబొట్లు చాలు బూజుకు. తెల్లవారుజామున తీయి, కవరు విప్పకుండా కాసేపు ఆగి, పండు కొంచెం వేడెక్కాక విప్పు. మార్కెట్టు దాకా చల్లటి బండి ఉంటే అక్కడే విప్పు. మాగే మామిడి, అరటి ఉన్న గదిలో పెట్టకు, వాటినుంచి వచ్చే ఇథిలిన్‌కు స్ట్రాబెర్రీ మాగదు గానీ బూజుకు అది బలం. ద్రాక్ష పెట్టెలున్న గదిలోనూ వద్దు. ద్రాక్షకు మేము గంధకపు ప్యాడ్లు వేస్తాం, ఆ సల్ఫర్ డయాక్సైడ్‌తో ద్రాక్ష రెండు నెలలు నిలుస్తుంది, అదే స్ట్రాబెర్రీకి తగిలితే తెల్లగా పాలిపోతుంది. నాసిక్‌లో నేర్చుకున్న విద్య అంతా ఇక్కడ పనికిరాదని తెలియడానికి నాకు ఒక ట్రే ఖర్చయింది. పైగా తమాషా ఏంటంటే, చెట్ల శాస్త్రం లెక్కన ద్రాక్ష, టమాట, మన నల్గొండ బత్తాయి నిజమైన బెర్రీలు, స్ట్రాబెర్రీ కాదు. పేరు చూసి పద్ధతి పెట్టొద్దు అనడానికి చెప్తున్నా.

నేరేడు గురించి. ఇది కూడా కోశాక మాగని రకమే, ఊదా నలుపుకొచ్చాకే కోయాలి, అప్పటికి తోలు కాగితంలా ఉంటుంది. జూన్‌లో తొలకరితో పాటే కాపు, తడిసిన పండు, కొమ్మ ఊపి వలలో రాల్చితే దెబ్బలు. రెండు సీజన్లు ప్రయత్నించా. చేత్తో కోసిన పండు, పొడిగా ఉన్నది, 8–10 డిగ్రీల దగ్గర రంధ్రాల కవరులో పెడితే వారం దాకా అమ్మదగ్గట్టుగా ఉంది, రాల్చిన పండు మూడో రోజే రసం కారింది, కవరున్నా లేకున్నా. స్ట్రాబెర్రీకి పెట్టే 15 శాతం గ్యాస్ పెట్టి చూస్తే నాకు చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు, వగరు మాత్రం అట్లనే ఉంది. నేరేడుకు నీ డబ్బు కింద కట్టే షేడ్‌నెట్ మీద, నిచ్చెనల మీద, కూలీల మీద పెట్టు. మిగిలింది గుజ్జు తీసి మైనస్ 18లో గడ్డకట్టించు, గింజ ఎండబెట్టి పొడి చేస్తే దానికీ గిరాకీ ఉంది.

మరి నీ ఎకరంన్నరకు ఏం చేయాలి? కల్వకుర్తి నుంచి హైదరాబాద్ రెండు గంటల దారి. రెండు గంటల దారికి, మరుసటి రోజు తినే పండుకు గ్యాస్ ఎందుకు? నేను నీ స్థానంలో ఉంటే ఒక చిన్న కోల్డ్ రూము, పైన చెప్పిన ఫ్యాన్ ఏర్పాటు, గట్టి జనరేటర్, అంతే. ఉద్యాన మిషన్ కింద ప్రీకూలింగ్‌కు, కోల్డ్ రూముకు 35 శాతం దాకా సబ్సిడీ ఉంది, అప్పు తీసుకుంటే వ్యవసాయ మౌలిక వసతుల నిధిలో 2 కోట్ల లోపు అప్పుకు వడ్డీలో 3 శాతం తగ్గించే పథకం ఉంది, కొత్త అప్పులకు ఇంకా నడుస్తోందో లేదో కనుక్కో. మీ మండలం ఉద్యాన అధికారిని పనులు మొదలుపెట్టకముందే కలువు, గోడలు లేచాక పోతే ఫైలు కదలదు. చెన్నై, వైజాగ్ లాంటి దూరం సరుకు పంపే బేరం కుదిరితే అప్పుడు ప్యాలెట్ సంచి గానీ మంచి ఫిల్మ్ గానీ ఆలోచించు, అది కూడా చల్లటి లారీ ఖాయమైతేనే. జనవరిలో రేటు పడిపోవడానికి నిల్వ మందు కాదు. మహాబలేశ్వరం సరుకు కూడా అప్పుడే దిగుతుంది, నువ్వు రెండు వారాలు ఆపినా అదే సరుకుతో పోటీ, పైగా నీది రెండు వారాల పాతది. నాట్లు ఒకేసారి కాకుండా సెప్టెంబరు చివర, అక్టోబరు మధ్య అని రెండు విడతలుగా వేస్తే కాపు కొంచెం విడిపోతుంది. మిగిలే చిన్న కాయను తొడిమ తీసి గడ్డకట్టించి ఐస్‌క్రీం వాళ్లకు ఇవ్వు, తాజా రేటు రాదు కానీ పారబోసేది ఉండదు.

ఇంకా ఆ మిర్చి గది మీదే మనసుంటే, అడ్వాన్స్ ఇవ్వకముందు వచ్చే కోతలో నాలుగు ట్రేలు తీసుకుని జడ్చర్ల రా. రెండు గ్యాస్ కవరులో, రెండు ఊరికే పెట్టి పదో రోజు ఇద్దరం కూర్చుని తిని చూద్దాం. కానీ ఎనిమిదిలోపు కోసినవే తేవాలి, మధ్యాహ్నం తెస్తే నేను లోపలికి రానియ్యను.